‘అరైవల్’ అంటే రావడమా, వచ్చినవాళ్లా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగానికో చదువుకో బెంగళూరు చేరిన తెలుగువాళ్లకు ఈ మాట ఎయిర్‌పోర్టు బోర్డు మీద ఎదురవుతుంది. ఆ తర్వాత లాడ్జి రిజిస్టర్లో, బట్టల షాపు అద్దం మీద, వీసా కాగితాల్లో మళ్లీ మళ్లీ తగులుతూనే ఉంటుంది. మారతహళ్లిలో మేం నడిపే సాయంత్రం ఇంగ్లిష్ క్లాసులో ఎక్కువగా అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాం. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

అరైవల్ అంటే పనా, మనిషా?

రెండూ. ‘హిజ్ అరైవల్’ అంటే అతని రాక, అంటే రావడం అనే పని. ‘ఎ న్యూ అరైవల్’ అంటే కొత్తగా వచ్చిన మనిషి. మనిషి అన్న అర్థంలో దీన్ని లెక్కపెట్టొచ్చు. ‘త్రీ న్యూ అరైవల్స్ ఇన్ అవర్ టీమ్’ అంటే మా టీమ్‌లో కొత్తగా ముగ్గురు చేరారని.

మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. తెలుగులో ‘రాక’ పనికి మాత్రమే సరిపోతుంది. ‘ముగ్గురు రాకలు చేరారు’ అని ఎవరూ అనరు. అందుకే ‘ది అరైవల్స్ వర్ టైర్డ్’ అన్న వాక్యం చూడగానే రాకలు అలసిపోవడమేంటని ఆగిపోతారు. అలసిపోయింది వచ్చినవాళ్లు. ఒక చిన్న గుర్తు: వెనకాల ‘ఆఫ్’ ఉంటే చాలావరకు రాక, ముందు ‘న్యూ’, ‘రీసెంట్’, ‘లేట్’ లాంటి మాట ఉండి బహువచనంలో ఉంటే చాలావరకు మనుషులు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్‌లో ‘రిపా’ అంటే గట్టు, ఒడ్డు. ఒడ్డుకు చేరడం అన్న అర్థంతో పాత ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొదట్లో పడవ దిగేవాళ్లకు వాడిన మాట, తర్వాత ఎలా వచ్చినా చెల్లింది. ‘రివర్’ కూడా అదే ‘రిపా’ నుంచి పుట్టిందే. మనం కూడా ఉద్యోగం దొరికినవాణ్ణి ‘ఒడ్డున పడ్డాడు’ అనే అంటాం కదా.

పలకడం, రాయడం?

అ-రైవల్. ఒత్తు ‘రై’ మీద. ‘ఎరైవల్’ కాదు, మొదటి అచ్చు తేలిగ్గా పోవాలి. స్పెల్లింగ్‌లో ‘ఆర్’ రెండు, ‘వి’ ఒకటే, చివర ‘ఎల్’ ఒకటే. రెజ్యూమెల్లో ఒక ‘ఆర్’ ఎగిరిపోవడం మామూలే.

‘అరైవల్ టు బెంగళూరు’ అనొచ్చా?

అనకూడదు. తెలుగులో ‘బెంగళూరుకు’ అంటాం కాబట్టి ఆ ‘కు’ పట్టుకొని ‘టు’ వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఊరికీ దేశానికీ ‘ఇన్’, స్టేషన్, ఎయిర్‌పోర్టు, ఆఫీసు, హోటల్ లాంటి చోటుకి ‘ఎట్’. ‘అరైవల్ ఇన్ బెంగళూరు’, ‘అరైవల్ ఎట్ యశ్వంతపూర్ స్టేషన్’. క్రియకూ ఇదే లెక్క. ‘ఐ అరైవ్డ్ ఇన్ బెంగళూరు’. ఇంటి సంగతి వేరు, ‘ఐ అరైవ్డ్ హోమ్’ అంటే చాలు, మధ్యలో ఏదీ అక్కర్లేదు.

‘రీచ్’ అనే క్రియకు ఈ గొడవే లేదు. ‘ఐ రీచ్డ్ బెంగళూరు’. కానీ ఫోన్లో ఊరికే ‘రీచ్డ్’ అనడం మన దేశంలో నడిచే ఇంగ్లిష్. బయటి దేశాలవాళ్లు ‘రీచ్డ్ వేర్?’ అని ఎదురు చూస్తారు.

బోర్డు మీద ‘ల్యాండెడ్’ అని పడింది. మనిషి ఇంకా బయటికి రాలేదేం?

విమానం దిగడం వేరు, చేరడం వేరు. ‘ల్యాండెడ్’ అంటే చక్రాలు రన్‌వేను తాకాయి అంతే. ఆ తర్వాత విమానం మెల్లగా పాకుతూ గేటు దగ్గరికి వచ్చి ఆగాలి. విమానాల లెక్కల్లో రాక సమయం అంటే సాధారణంగా ఆ గేటు దగ్గర ఆగిన సమయమే. షెడ్యూలు దాటి 15 నిమిషాల్లోపు ఆగితే టైముకు వచ్చినట్టే లెక్కేస్తారు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చేవాళ్లయితే బెల్టు మీద సామాను తీసుకొని బయటపడతారు. చేతిలో బ్యాగు తప్ప ఏమీ లేకపోతే ఇంకా త్వరగా వస్తారు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు ముందు ఇమిగ్రేషన్ లైను, తర్వాత బెల్టు, ఆ తర్వాత కస్టమ్స్. పన్ను కట్టాల్సిన వస్తువులేమీ లేనివాళ్లకు గ్రీన్ ఛానెల్, చెప్పుకోవాల్సినవి ఉంటే రెడ్ ఛానెల్. రాత్రిపూట వరసగా రెండు మూడు పెద్ద విమానాలు దిగితే ఇమిగ్రేషన్ దగ్గరే చాలా సేపు పడుతుంది, టెన్షన్ పడొద్దు.

టెర్మినల్ ముందే అడిగి పెట్టుకోండి. బెంగళూరు టెర్మినల్ 2 ను 2022 నవంబర్ 11న ప్రారంభించారు. 2023 సెప్టెంబర్ 12 నుంచి అంతర్జాతీయ విమానాలు అక్కడికే వస్తున్నాయి. దేశంలో తిరిగేవి కొన్ని టెర్మినల్ 1కి, కొన్ని టెర్మినల్ 2కి. అమెరికా నుంచి ఢిల్లీ మీదుగా వచ్చే కొడుకైతే ఢిల్లీలోనే ఇమిగ్రేషన్ అయిపోయి ఉండొచ్చు. అప్పుడు బెంగళూరులో అతను దేశీయ అరైవల్. పెద్దవాళ్లు తప్పు గేటు దగ్గర కాపలా కాసేది ఇలాంటప్పుడే.

అర్ధరాత్రి దాటాక ఆ అరైవల్స్ గేటు బయట నిలబడి చూడండి. ఒక పక్క పేర్లు రాసిన ట్యాబులు పట్టుకున్న డ్రైవర్లు, ఇంకో పక్క కదిరి నుంచో హిందూపురం నుంచో కారు మాట్లాడుకొని వచ్చిన కుటుంబాలు. స్టీలు డబ్బాలో పులిహోర, కవర్లో మల్లెపూలు. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరి మెడలూ ఒకేసారి లేస్తాయి, ట్రాలీ తోసుకొస్తున్నది వేరే ఇంటి మనిషని తెలియగానే దిగిపోతాయి. పిల్లలు మాత్రం ఎవరొచ్చినా చెయ్యి ఊపుతారు.

అక్కడ కన్నడ బోర్డు మీద ‘ఆగమన’ అని ఉంటుంది. ఆగమంటున్నారా?

ఈ జోకు ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు వేస్తారు. ఆగమనం, అంటే రాక. పక్కనే ‘నిర్గమన’ అని ఉంటే అది డిపార్చర్స్, బయల్దేరేవాళ్లది. లిపి మనదానికి దగ్గరే కాబట్టి రెండు రోజుల్లో చదవడం వచ్చేస్తుంది. ఎవరినైనా దిగబెట్టడానికి వెళ్తే ‘నిర్గమన’, తీసుకురావడానికి వెళ్తే ‘ఆగమన’.

అరైవల్, న్యూకమర్, విజిటర్, మైగ్రంట్, ఇమిగ్రంట్... ఎక్కడ ఏది వాడాలి?

మేం ఎక్కువ సేపు చెప్పేది దీని గురించే. డిక్షనరీలో ఇవన్నీ దగ్గర దగ్గరగానే కనిపిస్తాయి, కానీ నోటితో అన్నాక ఒక్కోటి ఒక్కో రకంగా తగులుతుంది.

విజిటర్ తిరిగి వెళ్లిపోయే మనిషి. ఇమిగ్రంట్ వేరే దేశం నుంచి వచ్చి స్థిరపడేవాడు. అదే మనిషిని వదిలి వచ్చిన దేశం వైపు నుంచి చూస్తే ఎమిగ్రంట్. కాబట్టి కడప నుంచి బెంగళూరు వచ్చిన అబ్బాయి ఇమిగ్రంట్ కాడు, పని దొరికాక వాడు ఎంత ‘బెంగళూరోడు’ అయిపోయినా సరే. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు, ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణమే ఇచ్చింది. కడప నుంచి రావడానికి ఏ ముద్రా అక్కర్లేదు.

మైగ్రంట్ అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారినవాడు, దేశం దాటినా దాటకపోయినా. ఐక్యరాజ్యసమితి గణాంకాల నిర్వచనంలో మామూలుగా ఉండే దేశం వదిలి కనీసం 12 నెలలు ఇంకో దేశంలో ఉంటే దీర్ఘకాలిక మైగ్రంట్. మన దగ్గర మాత్రం ఆ మాట నెలలను బట్టి కాదు, జీతాన్ని బట్టి పడుతుంది. వైట్‌ఫీల్డ్‌లో అద్దాల బిల్డింగు కట్టేవాడు ‘మైగ్రంట్ లేబర్’, అదే బిల్డింగులో కూర్చుని కోడ్ రాసేవాడు ‘టెకీ’. ఇద్దరూ అనంతపురం నుంచి ఒకే రైల్లో వచ్చి ఉండొచ్చు. మాటను పట్టుకొని మనిషిని అంచనా వెయ్యొద్దు, వార్త చదివేటప్పుడు ఎవరికి ఏ మాట వాడారో మాత్రం గమనించండి.

న్యూకమర్‌లో కొత్తదనం ముఖ్యం: ఇంకా దారులు తెలియవు, మనుషులు తెలియరు. కొంచెం ఆదరణ ఉన్న మాట. కెనడాలో స్థిరపడటానికి వచ్చినవాళ్లను ప్రభుత్వమే ‘న్యూకమర్స్’ అంటుంది.

ఇక అరైవల్. వచ్చాడు అన్నది తప్ప ఇది ఇంకేమీ చెప్పదు. ఎందుకొచ్చాడు, ఎన్నాళ్లుంటాడు, కావాలని వచ్చాడా తరిమితే వచ్చాడా అన్న ఏ ప్రశ్నకూ జవాబు ఉండదు. అందుకే సంగతి పూర్తిగా తెలియనప్పుడు అధికారులు, విలేకరులు ఈ మాట వైపు మొగ్గుతారు. శరణార్థి అవునో కాదో తేలని మనిషిని ‘న్యూ అరైవల్’ అనడం న్యాయంగానే ఉంటుంది. కానీ ఎంత చప్పటి మాటకైనా చట్టం కోరలు పెట్టగలదు. ఆస్ట్రేలియా వలస చట్టంలో 2013 నుంచి ‘అనాథరైజ్డ్ మారిటైమ్ అరైవల్’ అనే వర్గం ఉంది, అంటే వీసా లేకుండా సముద్రం మీద వచ్చినవాళ్లు. అమెరికా చట్టంలో ‘అరైవింగ్ ఏలియన్’ అని ఉంది. ఏలియన్ అంటే అక్కడ పరదేశి అనే, సినిమాల్లో ఆకుపచ్చ మనిషి కాదు.

‘సెటిలర్’ సంగతి అడుగుతుంటారు. హైదరాబాదులో ‘సెటిలర్లు’ అంటే ఎవరో తెలుగువాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ మాటను బెంగళూరుకు మోసుకురావొద్దు, ఇక్కడ మనల్ని ఎవరూ అలా అనరు. ఇంగ్లిష్‌లో దానికి వేరేవాళ్ల భూమిని ఆక్రమించి ఉన్నవాళ్లన్న చరిత్ర కూడా ఉంది.

మనుషుల అర్థంలో అరైవల్స్‌ను తెలుగులో ఏమనాలి?

‘కొత్తగా వచ్చినవాళ్లు’. అంతకన్నా మంచి మాట మాకు దొరకలేదు. రెండు మాటలైతే అయ్యాయి, ఎవరికీ అనుమానం రాదు. పత్రికల్లో ‘పర్యాటకుల రాక పెరిగింది’ అని రాస్తారు, అది బాగుంది.

ఒక్క మాటలో చెప్పాలని సంస్కృతం వైపు వెళ్తే ఇబ్బందులున్నాయి. ‘నవాగతులు’ అర్థం సరిగ్గా సరిపోతుంది కానీ స్వాగత పత్రం వాసన వస్తుంది. ‘ఆగంతకులు’ అసలొద్దు. మూలంలో దాని అర్థం వచ్చినవాడనే. కానీ తెలుగు పత్రికల్లో ఆగంతకుడు చేసే పనులు రెండే: అర్ధరాత్రి ఇంట్లో దూరడం, బాంబు ఉందని ఫోన్ చెయ్యడం. ఒక అనువాదంలో ‘న్యూ అరైవల్స్ విల్ బి గివెన్ రూమ్స్’ను ‘నూతన ఆగంతకులకు గదులు కేటాయించబడును’ అని రాసినవాళ్లున్నారు. ఆ హాస్టల్లో చేరాలంటే ధైర్యం కావాలి.

‘అతిథులు’ అంటే మనం పెట్టిపోతలు చూసుకోవాల్సినవాళ్లు. ‘వలస వచ్చినవారు’ అంటే బతుకుతెరువు కోసం ఊరొదిలారన్న బరువు పడుతుంది, అది నిజమైతేనే వాడండి. మాటల్లో అయితే ‘నిన్నగాక మొన్న వచ్చినవాడు’ ఉంది కానీ అందులో వెటకారం దాగి ఉంటుంది. కొత్తగా వచ్చినవాడు పాతవాళ్లను దాటిపోతే చెప్పడానికి ‘ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి’ ఎలాగూ ఉంది. ఆఫీసు మెయిల్లో దాన్ని ఇంగ్లిష్ చెయ్యబోకండి.

‘టూరిస్ట్ అరైవల్స్ ఇన్ని లక్షలు’ అంటే అన్ని లక్షల మనుషులా?

కాదు. అది రాకల లెక్క. ఒకే మనిషి ఏడాదిలో మూడుసార్లు వస్తే మూడు అరైవల్స్. పర్యాటక శాఖ ‘ఫారిన్ టూరిస్ట్ అరైవల్స్’ అన్నప్పుడు విదేశీ పౌరుల రాకలు. ప్రవాస భారతీయుల రాకలు విడిగా లెక్కేసి, రెండూ కలిపితే ‘ఇంటర్నేషనల్ టూరిస్ట్ అరైవల్స్’ అంటారు. వార్తల్లో ఒక ఏడాది మొదటి లెక్క, ఇంకో ఏడాది రెండో లెక్క పెట్టి ‘పర్యాటకం దూసుకెళ్లింది’ అంటే నమ్మకండి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

‘ఆన్ అరైవల్’ అంటే?

చేరగానే. మధ్యలో ‘ది’ రాదు. ‘పే ఆన్ అరైవల్’ అంటే వచ్చాక కట్టండి.

‘వీసా ఆన్ అరైవల్’ అంటే వీసా అక్కర్లేదని కాదు, అక్కడ దిగాక ఇస్తారని. మాల్దీవులు పర్యాటకులకు అలాగే ఇస్తాయి. అయినా తిరుగు టికెట్టు, ఉండే చోటు చూపించాల్సిందే.

ఆసుపత్రి కాగితంలో ‘డెడ్ ఆన్ అరైవల్’ అంటే తీసుకొచ్చేసరికే ప్రాణం లేదని. మన ఆసుపత్రుల్లో దానికే ‘బ్రాట్ డెడ్’ అని రాస్తారు. వ్యాపారంలో మాత్రం ‘డెడ్ ఆన్ అరైవల్’కు వేరే వాడుక ఉంది: డబ్బా విప్పేసరికే పనిచెయ్యని ఫోను.

అరైవల్ కార్డు ఉంటే వీసా ఉన్నట్టేనా?

కాదు. వీసా అనుమతి కోసం, అరైవల్ కార్డు మీ వివరాల కోసం. సింగపూర్ వెళ్లేవాళ్లు ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. థాయిలాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ కార్డు పెట్టింది. ఈ రెండూ ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది సర్కారు సైటు కాదని అర్థం.

మన పౌరులు ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు 2014 నుంచి ఈ కార్డు నింపక్కర్లేదు. విదేశీ పౌరులకు మాత్రం 2025 అక్టోబర్ 1 నుంచి ‘ఈ-అరైవల్ కార్డు’ వచ్చింది. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న మీ బాబాయి దేనికీ అక్కర్లేదులే అనుకుంటే, తనకు వర్తిస్తుందో లేదో ఒకసారి చూసుకోమని చెప్పండి.

అమెరికా చదువులకు వెళ్లేవాళ్లకు ఐ-94 సంగతి తప్పకుండా తెలియాలి. దాని పూర్తి పేరే ‘అరైవల్/డిపార్చర్ రికార్డు’. విమానంలో వెళ్లేవాళ్లకు 2013 నుంచి కాగితం బదులు ఆన్‌లైన్ రికార్డు ఉంటోంది. అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో తేల్చేది వీసా స్టాంపు మీది తేదీ కాదు, ఐ-94లోది. విద్యార్థులకు చాలావరకు తేదీ బదులు ‘డీ/ఎస్’ అని ఉంటుంది, అంటే విద్యార్థి హోదా (స్టేటస్) నిలబడినంత కాలం. దిగిన వారంలోనే డౌన్‌లోడ్ చేసి పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి.

లాడ్జి రిజిస్టర్లో ‘అరైవ్డ్ ఫ్రమ్’ దగ్గర సొంతూరు రాయాలా?

అక్కర్లేదు. ఈ రాత్రి ఎక్కడి నుంచి బయల్దేరి వచ్చారో అదే రాయాలి. సొంతూరు ప్రొద్దుటూరైనా హైదరాబాదు నుంచి బస్సెక్కితే హైదరాబాదు. సొంతూరి కోసం పర్మనెంట్ అడ్రస్ అని వేరే గడి ఉంటుంది. దాని పక్కనే ‘ప్రొసీడింగ్ టు’, అంటే ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారని. మెజెస్టిక్ దగ్గర లాడ్జిల్లో ఆ గడిలో పైనుంచి కిందిదాకా ఒకరి రాత చూసి ఒకరు ‘హోమ్’, ‘హోమ్’, ‘హోమ్’ అని రాసి ఉంటుంది.

హోటల్ ఫ్రంటాఫీసులో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ‘అరైవల్స్ లిస్ట్’ అనే మాట నేర్చుకోవాలి. ఆ రోజు దిగబోయే అతిథుల జాబితా అది. ఇంకా రాలేదు కదా, అరైవల్స్ ఎలా అవుతారని అడిగిన కుర్రాడికి మంచి మార్కులే వేశాం. హోటల్ వాడుకలో ‘ఎక్స్‌పెక్టెడ్ అరైవల్స్’ నుంచి మొదటి మాట రాలిపోయింది.

చిక్కపేట షాపుల్లో ‘న్యూ అరైవల్స్’ అని రాస్తారు. అవి మనుషులు కాదుగా?

చీరలు. వస్తువులకూ చెల్లుతుంది. యశ్వంతపూర్ మార్కెట్లో ‘ఉల్లి అరైవల్స్ తగ్గాయి’ అంటే సరుకు రావడం తగ్గిందని, ధర పెరగబోతోందని. పుట్టిన బిడ్డకూ చెల్లుతుంది: ‘కంగ్రాట్స్ ఆన్ ది న్యూ అరైవల్’ అని మేనేజరు కార్డు పంపితే కొత్త జాయినీ ఎవరని వెతక్కండి, మీ పాప గురించే.

‘అరివీస్ట్’ అన్నా ఇదేనా?

పోలిక ఉంది కానీ మెచ్చుకోలు కాదు. ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ఎలాగైనా పైకెక్కాలని చూసేవాణ్ణి, కొత్తగా హోదా దొరికి మిడిసిపడేవాణ్ణి అంటారు. అర్ధరాత్రి గొడుగు పట్టమనే మనిషి.

కొత్త ఆఫీసులో ‘ఐ యామ్ ఎ న్యూ అరైవల్’ అని పరిచయం చేసుకోవచ్చా?

తప్పు కాదు, కానీ ఎవరూ తమ గురించి తాము అలా చెప్పుకోరు. అది ఇతరులు మన గురించి అనే మాట. ‘ఐ యామ్ న్యూ హియర్’ లేదా ‘ఐ జాయిన్డ్ దిస్ వీక్’ అంటే సరి. ఊరు చెప్పాలంటే ‘ఐ యామ్ ఫ్రమ్ కర్నూల్’. ‘ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ కర్నూల్’ అంటే ఇప్పుడే అక్కడి నుంచి వస్తున్నానని, బ్యాగు ఇంకా భుజానే ఉందని అర్థం.